ట్రయల్స్‌లో నలభై రెండేళ్ళ అనుభవం

మా తాతయ్యని వీధిలో అందరూ అరంగుళం అంటారు. మొహం మీద అనరు. మొహం మీద టైలర్ గారూ అంటారు. ఎవరి బట్ట కుట్టినా లోపల అరంగుళం బట్ట ఎక్కువ వదులుతాడు, రేపు ఒళ్ళొస్తే విప్పుకోవడానికి. వదిలి ఊరుకుంటే బాగుండేది. కొలతలు తీసుకుంటూనే ఆ మాట చెబుతాడు. "పరవాలేదు, ఇంకా లావవుతారు" అని నిన్న కాక మొన్న పళ్ళరసాలు తాగి సన్నబడిన మనిషితో కూడా అంటాడు. బేరాలు తగ్గడానికి అదొక కారణమని మా అమ్మమ్మ నమ్మకం.

కొట్టు పెద్దాస్పత్రి వెనక గేటుకి ఎదురుగా ఉంటుంది. రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, మూల పగిలిన నిలువుటద్దం, ట్రయల్ వేసుకోవడానికి ఒక పరదా. పరదా వెనక చెయ్యి చాపితే మోచెయ్యి బయటికొస్తుంది. కొట్టు పైన రెండు గదులు మా ఇల్లు. వచ్చేవాళ్ళలో సగంమంది ఆస్పత్రి వాళ్ళే. ఏ డాక్టరుకి ఏ భుజం కిందికి దిగుతుందో, ఎవరి జేబు ఏ బరువుకి చిరుగుతుందో తాతయ్యకి తెలుసు. వాళ్ళు లోపల ఏం చేస్తారో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ట్రయల్ దగ్గర మాత్రం తాతయ్యది ఉడుంపట్టు. కచ్చా కుట్టు వేసి ఒకసారి, సగం కుట్టి ఇంకోసారి, మనిషి వచ్చి తొడుక్కుని నిలబడాల్సిందే. రాకపోతే నన్ను వాళ్ళింటికి పంపుతాడు. నేను తొమ్మిదో తరగతితో బడికి దండం పెట్టి కాజాలు కుడుతున్నదాన్ని కాబట్టి పంపడానికి ఎప్పుడూ దొరుకుతాను. "రెండో ట్రయల్‌కి రాని మనిషికి బట్ట సరిపోయిందో లేదో నాకెలా తెలుస్తుందే అమ్మడూ?" అంటాడు. ఒకాయన ఊరు మారిపోయి రాలేదు. ఆయన ప్యాంటు పదకొండేళ్ళుగా మా మేకుకి వేలాడుతోంది.

ఇక అమ్మమ్మ కాలు. ఎడమ కాలి చీలమండ పైన ఒక పుండు. ముప్పై ఏళ్ళు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి నిలబడి రక్తం కాళ్ళలోకి దిగి అక్కడే మకాం పెట్టిందని ఆస్పత్రిలో చెప్పారు. మొదట చొక్కా గుండీ అంత ఉండేది. తర్వాత కోటు గుండీ అంత అయింది. మూడో ఏడు వచ్చేసరికి దానికి సరిపోయే గుండీ మా డబ్బాలో లేదు.

దానికి మందు కట్టే. పాదం నుంచి మోకాలి కింద దాకా సాగే గుడ్డని ఒకే బిగువుతో చుట్టాలి. వదులైతే పనిచెయ్యదు, మరీ బిగిస్తే కాలికే ముప్పు. ఆస్పత్రిలో కట్ల గదికి ఒకే ఒక సిస్టర్ ఉండేది. వారానికి రెండు రోజులు, రోజుకి ముప్పై కాళ్ళు. అమ్మమ్మ వంతు పది రోజులకోసారి వచ్చేది. కట్టు మూడో రోజుకే జారి చీలమండ దగ్గర కుప్పపడేది. మిగిలిన ఏడు రోజులూ అమ్మమ్మ ఆ కుప్పని చూస్తూ కూర్చునేది. ఇంట్లోవాళ్ళు కడతామంటే ఆస్పత్రి ఒప్పుకోదు. ఇంట్లోవాళ్ళు సరిగ్గా కట్టగలరని ఎవరూ పరీక్ష చేసి చూడలేదు కాబట్టి.

ఇలా ఉండగా ఆస్పత్రి గోడకి ఒక నోటీసు అంటించారు. ప్రజల డబ్బుతో నడిచే ఆరోగ్య పరిశోధన నిధివారి క్లినికల్ ట్రయల్స్ ఎంపిక మండలిలో ఇద్దరు సామాన్య సభ్యులు కావాలి. వైద్యం చదివి ఉండకూడదు. తాతయ్య రోడ్డు దాటి వెళ్ళి నోటీసు రెండుసార్లు చదివాడు. వచ్చి టేపు మెళ్ళో వేసుకుని, "క్లినిక్కుల వాళ్ళ ట్రయల్స్ అంటే డాక్టర్ల కోట్లే కదే. కుట్టుపని ఎవరికివ్వాలో చూడ్డానికి తెలిసినవాణ్ణి పిలుస్తున్నారు" అన్నాడు.

"వైద్యం చదివి ఉండకూడదంటున్నారు తాతయ్యా."

"కోటు తొడుక్కునేవాడికి కోటు గురించి ఏం తెలుస్తుంది? సబబుగానే ఉంది."

ఫారం నేనే నింపాను. ట్రయల్స్‌తో మీకు ఏమైనా పరిచయం ఉందా అన్న గడిలో, తాతయ్య చెప్పినట్టే, "నలభై రెండేళ్ళ అనుభవం. వారానికి సుమారు పది" అని రాశాను. అక్షరదోషాలు లేవు. దోషం అంతా అర్థంలోనే ఉంది.

మూడు వారాలకి రమ్మని ఉత్తరం వచ్చింది. తాతయ్య కళ్ళు చిన్న అక్షరాలకి పనికిరావు కాబట్టి చదివిపెట్టే మనిషిగా నన్ను వెంట తెచ్చుకోవచ్చన్నారు. పొడుగాటి బల్ల, బల్ల చుట్టూ పదకొండుమంది, ప్రతి మనిషి ముందు మూత పెట్టిన నీళ్ళ గ్లాసు. తాతయ్య ముందు "సామాన్య సభ్యుడు" అని రాసిన అట్టముక్క. పక్కన రెండో సామాన్య సభ్యుడు, రిటైరైన బస్సు డ్రైవరు. ఆయన కుర్చీని నాలుగుసార్లు వెనక్కీ ముందుకీ జరిపి చూసుకుని కూర్చున్నాడు. బల్ల చివర నెరిసిన జుట్టుతో ఒక డాక్టరమ్మ. ఆవిడే అధ్యక్షురాలు.

"ఫారంలో నలభై రెండేళ్ళ అనుభవం అని రాశారు" అందావిడ కాగితం చూస్తూ. "ఎక్కడ చేశారండీ ఈ ట్రయల్స్?"

"మా కొట్లోనేనండి. పరదా వెనకాల."

బల్ల చుట్టూ తలలు పైకి లేచాయి.

"ఎవరి మీద?"

"వచ్చినవాళ్ళ మీదేనండి. ఎక్కువగా డాక్టర్ల మీద."

తాతయ్యకి ఎదురుగా కూర్చున్న ప్రొఫెసరు గ్లాసు మూత తీసి, తాగకుండానే మళ్ళీ పెట్టాడు.

"వాళ్ళ అంగీకారం తీసుకుంటారా?"

"అంగీకారమేమిటండీ, వాళ్ళే డబ్బిచ్చి వస్తారు. సూదులు కొంచెం గుచ్చుకుంటాయని ముందే చెబుతాను."

"ఎవరికైనా ఎప్పుడైనా ఇబ్బంది కలిగిందా?"

"ఒకాయనకి చంకలో పట్టేసిందండి. అక్కడికక్కడే కత్తిరించేశాం."

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీరేం చేస్తుంటారండీ?" అంది చివరికి.

"దర్జీనండి."

ఊపిరి పీల్చుకున్న చప్పుడు పదకొండు చోట్ల నుంచి వినిపించింది. ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే తాతయ్య లేచి వచ్చేసేవాడు. కుర్చీ కొంచెం ఇటు తిప్పి చెప్పడం మొదలుపెట్టింది. మందుల కంపెనీ తన మందుని తనే పరీక్ష చేయించుకుంటుంది, అమ్ముకోవాలి కాబట్టి. అమ్ముకోవడానికేమీ లేని సంగతులు చాలా ఉంటాయి. ఎప్పటిదో పాత మందు ఇంకో జబ్బుకి పనికొస్తుందా, ఆపరేషనయ్యాక రోగిని ఏ రోజు నడిపించాలి, ఇలాంటివి. వాటిని ఎవరు పరీక్ష చేయిస్తారు? ఎవరికీ లాభం లేదు కాబట్టి ఎవరూ చేయించరు. అందుకే ఈ నిధి. జనం డబ్బు కాబట్టి ఏ పరీక్షకి ఇవ్వాలో తేల్చేటప్పుడు జనం కూడా ఉండాలి.

"అంటే ఇవి బట్టలు కావు" అన్నాడు తాతయ్య.

"కావండి."

"కానీ ట్రయలే."

"ట్రయలే."

తాతయ్య జేబులోంచి సగం బయటికొచ్చిన టేపుని లోపలికి తోసుకున్నాడు. "అయితే ఉంటాను" అన్నాడు.

అలా ఏడాదిన్నర ఉన్నాడు. దరఖాస్తుల కట్ట ముందే ఇంటికొచ్చేది. కాగితాలు బయటివాళ్ళకి చూపకూడదని మొదటి పేజీలోనే ఉంది. అమ్మమ్మ బయటి మనిషి కాదని తాతయ్య తీర్పిచ్చాడు. నేను గట్టిగా చదివేదాన్ని. అమ్మమ్మ కాలు స్టూలు మీద పెట్టుకుని వినేది. నాకు అర్థంకాని మాటలు వస్తే వేగంగా చదివేసేదాన్ని, తాతయ్య వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ నెమ్మదిగా చదివించేవాడు.

మీటింగులో మాత్రం ప్రతి దరఖాస్తుకీ ఒకే ప్రశ్న వేసేవాడు. "రెండో ట్రయల్‌కి రాని వాళ్ళ సంగతేమిటండీ?" మొదట ఎవరికీ అర్థం కాలేదు. మూడువందలమందితో పరీక్ష మొదలుపెడతామంటున్నారు, ఆర్నెల్లకి వందమంది రావడం మానేస్తారు, వాళ్ళకి మందు పడక మానేశారో, నయమై మానేశారో, బస్సు దొరక్క మానేశారో ఎవరు వెళ్ళి కనుక్కుంటారు, దానికి మనిషిని పెట్టారా? చాలా దరఖాస్తుల్లో పెట్టేవాళ్ళు కాదు. బస్సు అనగానే డ్రైవరు కూడా లేచి ఏ రూట్లో ఎన్ని బస్సులున్నాయో చెప్పేవాడు. కొన్నాళ్ళకి పెద్ద పెద్ద డాక్టర్లు దరఖాస్తు రాస్తూ, "దర్జీ ప్రశ్నకి జవాబు రాశావా?" అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారని తెలిసింది. తాతయ్య ఆ సంగతి విననట్టు నటించి నాచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు.

నాలుగో మీటింగుకి వచ్చిన కట్టలో తొమ్మిదో దరఖాస్తు కట్ల గది సిస్టర్‌ది. కాలి పుళ్ళున్న రెండువందల నలభైమందిని తీసుకుంటారు. పాదాల్లోకి రక్తం సరిగ్గా పోతోందో లేదో ముందు చూస్తారు. చీటీ తీసి సగంమందికి ఆస్పత్రిలో సిస్టర్ల చేత ప్రతి వారం కట్టిస్తారు. మిగిలిన సగంమందికి, ఇంట్లో ఒక మనిషికి మూడు రోజులు నేర్పి, ఇంట్లోనే కట్టిస్తారు. ఎవరి పుళ్ళు ఎప్పుడు మానతాయో ఆర్నెల్లు చూస్తారు.

అమ్మమ్మ కాలు స్టూలు మీంచి దించి నిటారుగా కూర్చుంది.

"ఇది నా కాలే" అంది.

"నీ ఒక్కదానిదే కాదు. రెండువందల నలభై" అన్నాడు తాతయ్య.

"మిగతావాళ్ళ మొగుళ్ళు మండలిలో లేరుగా. మీరు చెయ్యెత్తండి, చాలు."

తాతయ్య నాచేత మండలి నిబంధనలు తీయించాడు. సొంత ప్రయోజనం ఉన్న సభ్యుడు చర్చకి ముందే ఆ సంగతి చెప్పి గది బయటికి వెళ్ళాలి.

"బయటికెళ్తే చెయ్యి ఎవరెత్తుతారు?" అంది అమ్మమ్మ.

"ఎత్తకూడదు."

"తలుపు దగ్గర నిలబడి ఎత్తండి. అద్దాల తలుపని అమ్మడు చెప్పిందిగా."

దరఖాస్తు వెనక ఇద్దరు నిపుణుల అభిప్రాయాలు కుట్టి ఉన్నాయి. ఇద్దరూ ఒకటే రాశారు. ఇంట్లోవాళ్ళు ఎంత బిగువుగా కట్టారో తెలుసుకునే దారి లేదు, బిగువు తెలియనప్పుడు ఫలితానికి విలువ లేదు, కాబట్టి డబ్బివ్వక్కర్లేదు. తాతయ్య ఆ పేజీని నాచేత మూడుసార్లు చదివించాడు. "బిగువు తెలియకపోవడమేమిటి?" అన్నాడు.

అమ్మమ్మకి కట్టు కట్టే రోజు ఎప్పుడూ నేను వెళతాను. ఈసారి తాతయ్య వెళ్ళాడు. సిస్టర్ కట్టు పూర్తి చేసి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళగానే, జేబులోంచి కోటు కాలర్ల లోపల పేర్లు రాసే చెరగని సిరా తీసి, బిగువుగా ఉన్న కట్టు మీద ఇంచి ఇంచిన్నర దూరంలో వరసగా చిన్న చిన్న చదరాలు గీశాడు.

"కాలు మీద బొమ్మలేమిటి, మతి పోయిందా?" అంది అమ్మమ్మ.

"కదలకు. గీత వంకరపోతుంది."

కట్టు విప్పే రోజున ఆ గుడ్డ అడిగి తెచ్చుకుని బల్ల మీద పరిచాడు. సాగిన గుడ్డ మీద గీసిన చదరాలు, గుడ్డ ముడుచుకున్నాక, నిలువుగా ఉన్న సన్నటి గడులయ్యాయి. వాటి పొడుగూ వెడల్పూ కొలిచాడు. అరిగిన రబ్బరు చెప్పు అడుగు కోసి ఆ కొలతకి ముద్ర చెక్కాడు. కొత్త గుడ్డ మీద ముద్ర గుద్దుకుంటూ పోయాడు. ఇప్పుడు ఎవరైనా ఆ గుడ్డని లాగి కడితే, గడి చదరమైతే బిగువు సరిపోయినట్టు. ఇంకా నిలువుగానే ఉంటే వదులు. అడ్డంగా సాగితే మరీ బిగువు. చదవడం రాని వాళ్ళకి కూడా తెలుస్తుంది. తాతయ్య దాన్ని చుట్టి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"దీన్ని మీటింగులో చూపిస్తే ఒప్పుకుంటారు" అన్నాను.

"చూపించాలంటే నోరు విప్పాలి. నోరు విప్పే ముందు మీ అమ్మమ్మ కాలు సంగతి చెప్పాలి. చెబితే బయటికి పొమ్మంటారు."

"కాలు సంగతి వాళ్ళకెలా తెలుస్తుంది?" అంది అమ్మమ్మ. "కాలొచ్చి సాక్ష్యం చెబుతుందా?"

మీటింగు రోజు పొద్దున్న అమ్మమ్మే ఆయన కోటు ఇస్త్రీ చేసింది, నిలబడి, ఆ కాలితోనే. చేసి ఇస్తూ ఏమీ అనలేదు. అనకుండా ఉండటం అమ్మమ్మకి అలవాటు లేదు కాబట్టి అది మా ఇద్దరికీ గట్టిగానే వినిపించింది.

తొమ్మిదో దరఖాస్తు టీ తర్వాత వచ్చింది. "దీంట్లో ఎవరికైనా సొంత ప్రయోజనం ఉందా?" అంది అధ్యక్షురాలు. ప్రతి దరఖాస్తుకీ అడిగే ప్రశ్నే. ఎవరూ తలెత్తి చూడరు. తాతయ్య చెయ్యి జేబులో ఉంది. చుట్టిన గుడ్డని వేళ్ళతో నొక్కుతున్నాడని నాకు తెలుసు. ఆవిడ పేజీ తిప్పింది. ప్రొఫెసరు గొంతు సవరించుకున్నాడు.

"మా ఆవిడ కాలండి" అన్నాడు తాతయ్య లేచి.

"కాలేమైంది?"

"పుండండి. మూడేళ్ళయింది. ఈ సిస్టరే కట్టు కడుతుంది."

"అయితే కాసేపు బయట కూర్చోవాలండీ."

"తెలుసండి. ఒక్క ముక్క చెప్పి వెళతాను."

"చెప్పకూడదండి."

"కాలు గురించి కాదు. గుడ్డ గురించి."

"గుడ్డ గురించి కూడా చెప్పకూడదు" అంది ఆవిడ, చాలా మర్యాదగా.

నడవలో బెంచీ మీద కూర్చున్నాం. తాతయ్య గుడ్డ తీసి సాగదీశాడు, గడులు చదరాలయ్యాయి. వదిలాడు, మళ్ళీ నిలువు గడులయ్యాయి. అద్దాల తలుపులోంచి డ్రైవరు చేతులూపుతూ మాట్లాడటం కనిపించింది. తర్వాత చేతులెత్తారు. నేను లెక్కపెట్టాను. నాలుగే. బయట కూర్చున్నవాళ్ళకి ఫలితం చెప్పకూడదన్నది కూడా నిబంధనే. లోపలికి వెళ్ళగానే డ్రైవరు తాతయ్య భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన నిబంధన తప్పలేదు, నోరు విప్పలేదు.

ఇంటికెళ్ళాక అమ్మమ్మ అడిగింది. "ఏమైంది?"

"బయట కూర్చున్నాను."

అమ్మమ్మ తొమ్మిది రోజులు తాతయ్యతో మాట్లాడలేదు. మాట్లాడాల్సినవన్నీ ఆయన పక్కనే కూర్చుని నాతో మాట్లాడింది.

"ఏమేవ్, మీ తాతయ్యని భోజనానికి రమ్మను."

"వస్తున్నానని చెప్పు" అనేవాడు తాతయ్య.

"బయట కూర్చోవడమే ఇష్టమైతే అక్కడికే పంపుతానని చెప్పు."

పదో రోజున సిస్టర్ కొట్టుకొచ్చింది, కోటు చెయ్యి చిరిగిందని. నిధి వాళ్ళు కాదన్నారని చెబుతూ పరదా వెనక్కి వెళ్ళింది, చాలాసేపు బయటికి రాలేదు. వచ్చేసరికి తాతయ్య బల్ల మీద గుడ్డ పరిచి ఉంచాడు. ఆవిడ ఒకసారి లాగి చూసింది. ఇంకోసారి లాగి చూసింది.

"ఇది ఎప్పుడు చేశారు తాతగారూ?"

"మీటింగుకి ముందేనమ్మా."

"మరి అక్కడ చెప్పలేదేం?"

"చెప్పకూడదన్నారు."

సిస్టర్ స్టూలు లాక్కుని కూర్చుంది. ఇలా గుర్తులున్న గుడ్డలు ఎక్కడో కంపెనీలు చేస్తాయని విందట. వాటిలో ఒకదాని ఖరీదుకి మామూలువి నలభై వస్తాయట. తాతయ్య మొహం కొంచెం చిన్నబోయింది. "వాళ్ళకీ ఎవడో దర్జీ ఉండుంటాడు" అన్నాడు. మళ్ళీ ఆర్నెల్లకి దరఖాస్తు పెట్టొచ్చు, గుడ్డ తయారీ మీ పేరున రాస్తాను అంది సిస్టర్. అయితే దరఖాస్తులో పేరున్న మనిషి మండలిలో ఉండకూడదు.

రాజీనామా నాచేతే రాయించాడు. "అయ్యా, ముద్రలు వేసే పని తగిలినందువల్ల కుర్చీ ఖాళీ చేస్తున్నాను." అధ్యక్షురాలికి అయ్యా ఏమిటని నేను దిద్దబోతే, దరఖాస్తు అంటే అయ్యా అనే మొదలుపెట్టాలన్నాడు. అట్టముక్క తిరిగి ఇవ్వలేదు. అమ్మమ్మ దాన్ని అటకెక్కించింది, మాట వరసకి కాదు, నిజంగానే.

ఆ ఆర్నెల్లలో పుండు ఇంకో వేలెడు పెరిగింది. అమ్మమ్మ అటూ ఇటూ నడవడం తగ్గించేసి, మెట్ల మీంచే కొట్టుని ఏలడం మొదలుపెట్టింది. ముద్రలేసిన గుడ్డ ఇంట్లోనే ఉంది, కట్టెయ్యమని అడిగింది. ఆస్పత్రి నేర్పకుండా కట్టకూడదన్నాడు తాతయ్య. రెండోసారి దరఖాస్తుకి డబ్బు మంజూరయింది. కట్ల గదికి ఇంకో ఇద్దరు సిస్టర్లు వచ్చారు. కొట్టునిండా గుడ్డలు ఆరేశాం. పరదా వెనకనుంచి వచ్చే డాక్టర్లు తల వంచి, కట్ల కింద నుంచి దూరి బయటికి రావాల్సి వచ్చేది.

చీటీ రోజున అమ్మమ్మ పొద్దున్నే కాళ్ళు కడుక్కుని తయారైంది. అంటించిన కవర్లు వరసగా పేర్చి ఉన్నాయి. సిస్టర్ పై కవరు చించింది.

"ఆస్పత్రి" అంది.

"అంటే?"

"ప్రతి వారం మీరే ఇక్కడికి రావాలమ్మా. మేమే కడతాం. మామూలు గుడ్డతో."

"ఇంకో కవరు తియ్యండి."

"తియ్యకూడదమ్మా."

"అసలు ఆ గుడ్డ తయారు చేసింది ఆయన."

"తెలుసమ్మా."

"ఆయన నా మొగుడు."

"అదీ తెలుసమ్మా" అంది సిస్టర్, వరసలో రెండో మనిషిని పిలుస్తూ.

అలా మొదలైంది. ఇళ్ళలో కట్టాల్సినవాళ్ళకి నేర్పడానికి తాతయ్యని కూడా పిలిచేవాళ్ళు. కొడుకులకీ కోడళ్ళకీ మొగుళ్ళకీ గడి చదరమవడం చూపించేవాడు. వీధి చివర తాళాలు బాగుచేసే ఆయన వాళ్ళమ్మ కాలికి కట్టి, చూసి పెట్టమని తాతయ్యని ఇంటికి తీసుకెళ్ళేవాడు. అమ్మమ్మ మెట్ల మీంచి అన్నీ చూసేది.

"ఊళ్ళో కాళ్ళన్నీ మీకు అప్పజెప్పారు, నా కాలు తప్ప" అనేది.

అయిదో వారంలో ఒక మధ్యాహ్నం కట్టు జారింది. మళ్ళీ కట్టే రోజుకి ఇంకా మూడు రోజులుంది. అమ్మమ్మ మెట్ల మీద కూర్చుని, ముద్రలేసిన గుడ్డ ఒకటి వేలికి చుట్టుకుని, కాలు తాతయ్య ముందుకి చాపింది.

"కట్టండి."

"కట్టకూడదు."

"కొట్లో ఎవరూ లేరు. ఇదిగో, ఇది ఎవరికీ చెప్పదు." ఇది అంటే నేను.

"నేను కడితే నీ కాలు నా కట్టుకి మానిందో, సిస్టర్ కట్టుకి మానిందో ఎవరికీ తెలియకుండా పోతుంది."

"నాకు తెలియక్కర్లేదు. మానితే చాలు."

తాతయ్య కింద మెట్టు మీద కూర్చుని కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. జారిన గుడ్డని విప్పాడు. పుండు చూశాడు. అమ్మమ్మ ముద్రల గుడ్డ అందించింది. అందుకున్నాడు. అందుకుని, దాన్ని చుట్టి, తన జేబులో పెట్టుకుని, "అమ్మడూ, వాళ్ళిచ్చిన కార్డులో ఫోన్ నంబరుంది, కట్టు జారిందని చెప్పు" అన్నాడు. కొత్త సిస్టరొకామె భోజనం డబ్బా మూసేసి రోడ్డు దాటి వచ్చి కట్టింది. ఆమె వచ్చేదాకా తాతయ్య అమ్మమ్మ కాలిని ఒళ్ళోంచి దించలేదు.

ప్రతి వారం పుండు మీద పారదర్శకంగా ఉండే కాగితం పెట్టి అంచు గీసేవాళ్ళు. వేలెడు తగ్గింది. అరచేతిలో సగమయింది. పద్నాలుగో వారానికి కోటు గుండీ, పదహారుకి చొక్కా గుండీ. ఇరవయ్యో వారంలో సిస్టర్ కాగితం పెట్టి, గీయడానికి ఏమీ లేదని తీసేసింది. రిజిస్టర్‌లో ఆస్పత్రి వాళ్ళ వరసలో మానినట్టు రాసుకుంది. మొత్తం మీద ఎవరి కట్టు మెరుగో ఇంకా ఎవరికీ తెలియదు. ఆఖరి కాలు ఆఖరి వారం దాటేదాకా లెక్క తేలదు.

ఆస్పత్రికి పోవడానికి కాకుండా అమ్మమ్మ మెట్లు దిగి కొట్లోకి రావడం ఏడాదిలో ఇదే మొదటిసారి. కుర్చీ లాక్కుని కూర్చుని కాలు బల్ల అంచుకి ఆనించింది.

"చూశారా, నా కాలు అవతలి పక్షం. ఇలాంటివి నాలుగు మానితే మీ గుడ్డ ఓడిపోతుంది" అంది.

"ఓడిపోనీ" అన్నాడు తాతయ్య.

కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు. కొత్త చర్మం లేతగా, కొంచెం మెరుస్తూ ఉంది. బొటనవేలితో దాని అంచు వెంట నెమ్మదిగా రాసి చూశాడు, అతుకు ఎక్కడ మొదలైందో వెతికేవాడిలా. ఒకసారి చుట్టూ వెళ్ళొచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు.

"కుట్టు ఎక్కడుందో తెలియడం లేదే" అన్నాడు.

అమ్మమ్మ ఆస్పత్రి గేటు వైపు ఒకసారి చూసి కాలు వెనక్కి లాక్కుంది.

"చాల్లెండి, చెయ్యి తియ్యండి. ఎవరైనా చూస్తే మీరే కట్టారనుకుంటారు."